డిసెంబరు నెలలో ఒక క్రైస్తవ విద్యార్థి

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఇలా అన్నారు: “ఈసారి మన లిస్టులో క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. సభ డిసెంబరులో పడింది. మీరూ క్రైస్తవులే కదా, ఆ పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పండి. మిగతా పిల్లలూ వింటారు.” నేను పాస్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో క్లర్కుగా చేరి, క్లర్కుగానే రిటైరైనవాణ్ణి. కనుక వాక్యోపదేశం నా వల్ల కాదు. లెక్కల పుస్తకాల మధ్య బతికినవాడు చెప్పగలిగిన మాటలు మాత్రం చెబుతాను.

క్రిస్మస్ ఒక్క రోజు. ఆ రోజు కొత్త బట్టలు కట్టుకుని చర్చికి పోవడం ఎవరైనా చేస్తారు. ఒక యువకుడి విశ్వాసం ఏపాటిదో డిసెంబరులో మిగిలిన ముప్పై రోజులు చెబుతాయి. ఆ ముప్పై రోజుల్లో తన సమయాన్ని, డబ్బును, మాటను ఎలా వాడుకున్నాడో చూస్తే చాలు. నా ప్రసంగమంతా ఈ మూడింటి గురించే.

మన పేటలో డిసెంబరు

మరాఠీలో క్రిస్మస్‌ను ‘నాతాళ్’ అంటారు. అది పోర్చుగీసు భాష నుంచి వచ్చిన మాట. ఇంట్లో క్రిస్మస్, బడిలో నాతాళ్. ఒకే పండుగకు రెండు పేర్లతో పెరిగే పిల్లలు మనవాళ్ళు.

సాఖర్‌పేఠ్ నుంచి అశోక్ చౌక్ మీదుగా విడీ ఘర్కుల్ దాకా వెళితే చెవిన పడేది ఎక్కువగా తెలుగే. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పనికి, మిల్లు పనికి తరతరాలుగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మనవి. మగవాళ్ళు చాదర్లు, టెర్రీ టవళ్ళు నేసే కార్ఖానాల్లో, ఆడవాళ్ళు ఇంట్లో బీడీల చాటల ముందు. ఎక్కువమంది మార్కండేయుణ్ణి కొలిచే పద్మశాలీలు. క్రైస్తవ ఇళ్ళు గల్లీకి ఒకటో రెండో ఉంటాయి, కొన్ని గల్లీల్లో అసలు ఉండవు.

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో డిసెంబరు మొదలైతే ఊరూరా సెమీ క్రిస్మస్ సభలే. అక్కడి క్రైస్తవ కుర్రాడు గుంపులో ఒకడు. మన దగ్గర కుర్రాడు తరగతిలో తానొక్కడే కావచ్చు. మహారాష్ట్రలో బడులకు పెద్ద సెలవు దీపావళికి. డిసెంబరు 25న సెలవిచ్చి, మర్నాడే మళ్ళీ తరగతులు పెట్టే విద్యాసంస్థలు చాలా ఉన్నాయి. ఫిబ్రవరిలో పన్నెండవ తరగతి బోర్డు పరీక్షలు, వాటి వెనకాలే పదవ తరగతి. సి.ఎ. చదివే పిల్లలకైతే ఇప్పుడు జనవరిలోనూ పరీక్షలున్నాయి. అంటే మన పిల్లవాడికి పండుగ వచ్చేది సరిగ్గా చదువు గొంతు మీద కూర్చున్న నెలలో.

ఆ నెల ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం చెబుతాను. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. ఆ రోజుల్లో ఇంటి మీద కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెడతాం. సంఘంలోని యువకులు రాత్రిపూట ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడతారు, దాన్నే క్యారల్స్ అంటాం. డోలక్ ఒకరు, గిటారు ఒకరు, క్రిస్మస్ తాత వేషం ఒకరు. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం పండుగ ఆరాధన. 31 రాత్రి పాత సంవత్సరాన్ని సాగనంపే వాచ్‌నైట్. వంటింట్లో ఒకవైపు మన అరిసెలు, ఇంకోవైపు ఇక్కడ నేర్చుకున్న కరంజీలు, శంకర్‌పాళీలు.

ఈ విశ్వాసం వచ్చిన దారి

మన పిల్లల్లో కొందరికి క్రైస్తవమంటే నిన్న మొన్న వచ్చినదనే సంకోచం ఉంది. చరిత్ర కొంచెం తెలుసుకుంటే ఆ సంకోచం పోతుంది. అమెరికన్ మిషనరీలు 1813లో బొంబాయి చేరి ప్రారంభించిన పని అమెరికన్ మరాఠీ మిషన్‌గా పెరిగింది. 1860ల దశకంలో అది సోలాపూర్‌కు వచ్చింది. బాలికల పాఠశాల, చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ ఈ ఊళ్ళో ఆ మిషన్ చేసిన పనులే. ఆడపిల్లకు పలక ఇవ్వడమే వింతగా ఉన్న రోజులవి.

తెలుగునాట గుంటూరుకు ఫాదర్ హేయర్ వచ్చినది 1842లో. మన పూర్వీకులు వచ్చిన తెలంగాణ వైపు చూస్తే మెదక్ చర్చి ఉంది. కరువు కాలంలో ఆకలితో ఉన్నవారికి పని, తిండి దొరకాలని ఛార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ కట్టడం పని చేయించాడని అందరూ చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న, అంటే క్రిస్మస్ రోజునే, దాన్ని ప్రతిష్ఠించారు. 2024కు నూరేళ్ళు నిండాయి. కూలివాడి చేతి పనితో నిలబడిన చర్చి అది. కార్ఖానా కూలీల పిల్లలు గుర్తుంచుకోవలసిన విషయం.

ఇంకొకటి. క్రైస్తవుడైతే భాష, పాట, పద్ధతి అన్నీ వదిలేయాలని ఎవరూ అనలేదు. 1895లో బాప్తిస్మం తీసుకున్న నారాయణ వామన్ తిలక్ మరాఠీలో అభంగాలు రాశాడు. అంతకు ముందే మన తెలుగులో పురుషోత్తమ చౌదరి కీర్తనలు రచించాడు. మనం పాడుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల తలమీద రాగం, తాళం పేర్లు కనబడతాయి. క్రీస్తు కథను పద్యకావ్యంగా రాసిన గుర్రం జాషువాకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కనుక పిల్లలూ, తరగతిలో ఎవరైనా “మీది విదేశీ మతం కదా” అంటే కోపం తెచ్చుకోవద్దు. ఆ పుస్తకం తెచ్చి రాగం పేరు చూపించండి.

నైట్ షిఫ్టువాళ్ళకు అందిన వార్త

ఇక రోజువారీ బతుకులోకి వద్దాం. మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు చెప్పను. బి.కాం. రెండవ సంవత్సరం. తండ్రి అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో టవళ్ళ సాంచాల మీద పని చేస్తాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తల్లి బీడీలు చుడుతుంది. ఉదయం నీళ్ళు వచ్చేవేళకు అబ్బాయి లేచి బిందెలు నింపి, చిన్నపిల్లలు నలుగురికి ట్యూషన్ చెప్పి, కాలేజీకి పోతాడు. సాయంత్రం తల్లి చుట్టిన బీడీల కట్టలు లెక్కపెట్టి కార్ఖానాలో ఇచ్చి, మళ్ళీ ఆకు, పొగాకు తెస్తాడు. రాత్రి చదువు. ప్రార్థన ఎప్పుడు చేస్తావురా అని అడిగితే, “బిందెలు నిండేటప్పుడు మామా, అప్పుడు పని ఉండదు, నన్నెవరూ పిలవరు” అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. ప్రార్థనకు వేరే గది, వేరే గంట దొరికే ఇళ్ళు కావు మనవి.

గడచిన డిసెంబరులో వాళ్ళింట్లో ఒక చిక్కు వచ్చింది. 24 రాత్రి తండ్రికి నైట్ షిఫ్టు పడింది. ఆర్డరు తొందరగా పంపాలి, సాంచాలు ఆపే వీలు లేదు. ఇంట్లో అందరి ముఖాలూ చిన్నబోయాయి. తండ్రితోపాటు పని చేసే ముస్లిం సోదరుడొకాయన ఆ రాత్రి తాను నిలబడతానన్నాడు. రంజాన్ పండుగనాడు ఈయన ఆయన బదులు నిలబడ్డాడు. ఎవరూ రాసుకోని అప్పు అది, అడగకుండానే తీరింది. కుటుంబమంతా కలిసి రాత్రి ఆరాధనకు వెళ్ళారు.

అబ్బాయి నాతో అన్నాడు: “మామా, ఆ రాత్రి ఆరాధనలో గొల్లల సంగతి చదివారు. గొల్లలు కూడా నైట్ డ్యూటీవాళ్ళే కదా.” నిజమే. లూకా సువార్తలో క్రీస్తు పుట్టిన వార్త మొదట అందినది రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్న కాపరులకు. వారికి ఇచ్చిన ఆనవాలు ఏమిటి? పొత్తిగుడ్డలతో చుట్టిన శిశువు. గుడ్డ నేసేవాళ్ళకు ఇది పరాయి కథ ఎలా అవుతుంది? యేసు పెరిగింది వడ్రంగి ఇంట్లో. పౌలు డేరాలు కుట్టి బతికాడు. దొర్కా అనే ఆవిడ విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చేది. చేతిపనికి చిన్నతనం లేదని బైబిలు ఇన్ని చోట్ల చెబుతుంటే, తండ్రి సాంచా మీద పని చేస్తాడని కాలేజీలో చెప్పడానికి మన పిల్లలు ఎందుకు తడబడాలి?

సమయం లెక్క

ఆ అబ్బాయే ఇంకో ప్రశ్న అడిగాడు. “మామా, క్యారల్స్‌కు పోవాలా, చదువుకోవాలా? పోకపోతే సంఘంలో భక్తి తగ్గిందంటారు. పోతే పరీక్షలో మార్కులు తగ్గుతాయి.” ఈ ప్రశ్న ఈ సభలో చాలామంది మనసులో ఉంటుంది.

నేను చెప్పినది ఇది. డిసెంబరు నెలకు కాగితం మీద ముప్పైయొక్క గడులు గీసుకో. పరీక్షలు, ఫారాల తేదీలు ముందు రాయి. తర్వాత క్యారల్స్‌కు మూడు రాత్రులు, ఆరాధనలకు ఆదివారాలు, 24, 25, 31. మిగిలినవి చదువుకు. ఆ కాగితం సంఘం యువజన నాయకుడికి చూపించు. మూడు రాత్రులు వస్తానని చెప్పు, ఆ మూడింటికీ తప్పకుండా వెళ్ళు. వస్తానని చెప్పి రాకపోవడం, రానని చెప్పి మొబైల్‌లో గంటలు గడపడం, రెండూ తప్పే. చదువు వంకతో సంఘాన్ని ఎగ్గొట్టేవాడు, సంఘం వంకతో చదువు ఎగ్గొట్టేవాడు, ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు.

సంఘ పెద్దలకు కూడా వినయంగా ఒక మనవి. పదవ, పన్నెండవ తరగతి పిల్లలను అర్ధరాత్రి దాకా తిప్పవద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన రోజుల మాట వేరు. పక్కింట్లో కూడా పరీక్షకు చదువుకునే పిల్ల ఉంటుంది. పొద్దున ఆరింటికి షిఫ్టుకు పోవలసిన కార్మికుడు నిద్రపోతుంటాడు. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తే పాట మాధుర్యం ఏమీ తగ్గదు. మరుసటి ఏడు ఆ ఇంటివాళ్ళే “మీ పిల్లలు ఇంకా రాలేదేమి?” అని అడుగుతారు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పండుగ ముందు ఇల్లు దులపడం, సున్నం, పిండివంటలు, చర్చి అలంకరణ, తమ్ముళ్ళ బట్టలు, వీటితోపాటు తల్లికి బీడీల్లో సాయం. అబ్బాయి క్యారల్స్‌కు పోతే భక్తి అంటాం, అమ్మాయి వంటింట్లో ఉంటే అలవాటు అంటాం. ఆమెకు కూడా అదే బోర్డు పరీక్ష, అదే ప్రశ్నపత్రం. తల్లులారా, ఈ డిసెంబరులో అమ్మాయికి రోజుకు రెండు గంటలు ఎవరూ పిలవకుండా విడిచిపెట్టండి. శంకర్‌పాళీలు ఒక డబ్బా తగ్గినా పండుగ ఆగదు. పుణె వైపు రైలెక్కితే దౌండ్ దాటాక కేడ్‌గావ్ స్టేషను వస్తుంది. 1890ల దశకం కరువులో దిక్కులేని ఆడవాళ్ళను చేర్చుకుని పండిత రమాబాయి ముక్తి మిషన్ నడిపింది అక్కడే. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తానే అనువదించింది. ఆమెకు సంస్కృతం నేర్పినవారు తల్లిదండ్రులే. ఆ ఇంట్లో ఆడపిల్లకు చదువుకునే సమయం ఇచ్చారు గనుకనే అంత పని జరిగింది.

డబ్బు లెక్క

నా ఉద్యోగమంతా కౌంటరు వెనుక గడిచింది. పండుగ ముందు డబ్బు తీసేవాళ్ళను, పండుగ తర్వాత బంగారం తాకట్టు పెట్టేవాళ్ళను చూశాను. దీపావళికైనా, ఈద్‌కైనా, క్రిస్మస్‌కైనా అదే వరుస. ఒక లెక్క వేద్దాం. పండుగకు 10,000 రూపాయలు నూటికి ఐదు వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 500 వడ్డీ. పది నెలలు అసలు కట్టలేకపోతే వడ్డీయే 5,000. ఏడాదికి నూటికి అరవై అన్నమాట. తర్వాతి క్రిస్మస్ వచ్చేసరికి పాత క్రిస్మస్ బాకీ ఇంకా తలుపు దగ్గర నిలబడి ఉంటుంది.

ఇంకో లెక్క. జూలై మొదటి వారం నుంచి వారానికి 200 చొప్పున పక్కన పెడితే డిసెంబరు మూడవ వారానికి ఇరవై అయిదు వారాలు, 5,000 రూపాయలు. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయండి, లేదా ఇంటి ఆడవాళ్ళకు నమ్మకమున్న భిశీలో వేయండి. ఆ 5,000లోనే పండుగ చేయండి. ఆ హద్దు దాటి ఒక్క రూపాయి వద్దు. పిల్లలకు ఈ లెక్క చూపించండి. ఇంటి ఖర్చు తెలిసిన పిల్లవాడు స్నేహితుడి బూట్లను చూసి ఏడవడు.

ఈ రోజు మీ చేతికి వచ్చే ఉపకార వేతనం చదువుది. అది వచ్చిన నెలలోనే పండుగ కూడా వచ్చింది గనుక చేయి దానిమీదికి పోతుంది. పోనివ్వకండి. ఆ డబ్బులో దాతల కష్టం ఉంది, కొందరు తమ ఇంటి పండుగ ఖర్చు తగ్గించుకుని ఇచ్చారు. ఫీజు రసీదు ఫైలులో పెట్టుకోండి. పండుగకు కొత్త బట్టలు కొనలేకపోతే ఉతికి ఇస్త్రీ చేసినవి కట్టుకోండి. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ పుట్టినరోజుకు బట్టల వల్ల లోటేమీ రాదు.

మాట లెక్క: ఫారంలో ఒక గడి

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బరువైన విషయం. డిసెంబరు, జనవరి నెలలు ఫారాల నెలలు కూడా. పరీక్ష ఫారం, ప్రవేశ పరీక్ష ఫారం, స్కాలర్‌షిప్ ఫారం. అందులో ‘ధర్మం’ అనే గడి, ‘కులం’ అనే గడి ఉంటాయి. మన క్రైస్తవ పిల్లల్లో చాలామంది పెన్ను ఆగేది అక్కడే.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్.సి. నుంచి క్రైస్తవులైనవారిని బి.సి.-సి గ్రూపులో పెట్టారు. ఇది న్యాయమేనా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ ఉద్యోగ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని తీర్పు చెప్పింది.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. కాలేజీలో చేరేటప్పుడు ఫారం ముందు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “మామా, ఇక్కడ ఒక మాట మార్చి రాస్తే ఫీజు చాలా తగ్గుతుందట. అందరూ అలాగే రాస్తారట. ఏం రాయను?” అంది. ఆమె తండ్రి లేడు. తల్లి బీడీల మీదే ఇల్లు నడుస్తోంది. అటువంటి పిల్లకు సలహా ఇవ్వడం సుఖంగా కూర్చున్నవాడికి తేలిక. కనుక నేను సలహా ఇవ్వలేదు. చట్టం ఏముందో చెప్పాను, ఆ గడిలో ఏం రాస్తే ఏమవుతుందో రెండు వైపులా చెప్పాను. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. మర్నాడు ఆమె ‘క్రైస్తవ’ అని రాసి సంతకం పెట్టింది. ఫీజు తగ్గలేదు. తల్లి ఆకు కత్తిరించే పని రాత్రి పదకొండు దాకా సాగింది. ఆ ఏడు వాళ్ళింటి మీద నక్షత్రం కూడా కట్టలేదు, కరెంటు ఖర్చని. ఆ క్రిస్మస్ ఉదయం చర్చిలో ఆ తల్లీకూతుళ్ళను చూసినప్పుడు, ఆ ఏడు మా అందరిలో నిజంగా పండుగ చేసినవారు వీరిద్దరే అనిపించింది.

లూకా సువార్తలో క్రిస్మస్ కథ మొదలయ్యేదే ఒక సర్కారీ పట్టికతో. జనసంఖ్య రాయించుకోవడానికి యోసేపు, నిండు గర్భిణి అయిన మరియతో బేత్లెహేముకు ప్రయాణం కట్టాడు. కష్టమైనా తన ఊరు ఏదో, తన వంశం ఏదో ఉన్నదున్నట్టు రాయించుకున్నాడు. మనమూ అంతే. చట్టం మారాలని అడిగే హక్కు మనకుంది, అర్జీలు పెట్టవచ్చు, కోర్టుకు పోవచ్చు. అయితే ఆ గడిలో పెట్టే సంతకం మాత్రం నిజం మీద ఉండాలి. బ్యాంకులో ఒక నియమం ఉండేది: స్పెసిమెన్ కార్డు మీద ఉన్న సంతకం, చెక్కు మీద ఉన్న సంతకం ఒకటే అయితేనే డబ్బు. చర్చిలో ఒకటి, ఆఫీసులో ఒకటి అయితే చెక్కు తిరిగొస్తుంది.

దాని అర్థం హక్కులు వదులుకోమని కాదు. క్రైస్తవులు కేంద్ర ప్రభుత్వం 1993లో నోటిఫై చేసిన మైనారిటీ వర్గాల్లో ఒకరు. మైనారిటీలకు, ఆర్థికంగా వెనుకబడినవారికి ఉన్న పథకాల్లో ఈ ఏడు ఏవి నడుస్తున్నాయో, ఏ సర్టిఫికెట్లు కావాలో కాలేజీ ఆఫీసులో ముందే కనుక్కోండి. తహసీల్ కార్యాలయం నుంచి ఆదాయ ధృవపత్రం జూన్‌లోనే తెచ్చుకోండి. నిజం రాసినందుకు నష్టపోయే పిల్లను చూస్తూ ఊరుకోకుండా ఆదుకోవడం మనలాంటి ట్రస్టుల పని. ఈ ట్రస్టు దరఖాస్తులో ధర్మం గడి లేదు, గమనించారో లేదో. మార్కులు, ఇంటి ఆదాయం, అంతే.

పొరుగువారి మధ్య

క్రైస్తవ పిల్లలను బాధపెట్టే చిన్న ప్రశ్న ఒకటి ఉంది. పక్కింటివాళ్ళు ప్రసాదం తెస్తే ఏం చేయాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. కొరింథులో ఉన్న తొలినాటి విశ్వాసులు పౌలును ఇటువంటిదే అడిగారు. ఆయన ఎదుటివాడి మనస్సాక్షిని నొప్పించవద్దన్నాడు. తీసుకోవడం, తీసుకోకపోవడం మీ మనస్సాక్షికి, మీ ఇంటి పద్ధతికి వదిలేస్తాను. తీసుకోకపోతే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ చెప్పండి. ఇచ్చినవారి ఎదుట దాన్ని కించపరిచే మాట అంటే, దానివల్ల క్రీస్తుకు వచ్చే గౌరవం ఏమీ లేదు. అలాగే మన కేకు వద్దన్న పొరుగువారి మీద అలిగే హక్కు కూడా మనకు లేదు.

మన పండుగ వెళ్ళీ వెళ్ళకముందే సిద్ధరామేశ్వరుల గడ్డ యాత్ర వస్తుంది. సంక్రాంతి రోజుల్లో నందిధ్వజాలు లేస్తాయి, సమ్మతి కట్ట దగ్గర అక్షతల వేడుక జరుగుతుంది. ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. ఆ జనంలో దాహం వేసినవాడికి నీళ్ళివ్వడానికి, తప్పిపోయిన పిల్లవాణ్ణి పోలీసు చౌకీకి చేర్చడానికి ఏ మతమూ అడ్డు రాదు. సంక్రాంతికి కొద్ది రోజుల ముందు జనవరి 12. 1931లో ఆ రోజున మన ఊరివాళ్ళు నలుగురిని యెరవడ జైల్లో ఉరి తీశారు: మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా. నాలుగు పేర్లు చదివితే చాలు, ఈ ఊరు ఎవరెవరిదో అర్థమవుతుంది. క్రిస్మస్ సెలవుల్లో ఒక సాయంత్రం మీ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఆ నాలుగు విగ్రహాల దగ్గరికి తీసుకెళ్ళి ఆ పేర్లు చదివించండి.

వాచ్‌నైట్ వాగ్దానం

చివరగా డిసెంబరు 31 రాత్రి. వాచ్‌నైట్ ఆరాధనలో మన తెలుగు సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసుకుంటాం, అందులో ఉన్న బైబిలు వచనాన్ని ఏడాదంతా మనదిగా దాచుకుంటాం. మంచి ఆచారమే. కానీ కొందరు పిల్లలు దాన్ని లాటరీ టికెట్టులా చూస్తారు. ‘ఈసారి మంచి వచనం వచ్చింది, పాసవుతాను’ అంటారు. నా మనవి ఏమిటంటే, ఆ కార్డు వెనుకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ మీరు ఇచ్చే మాట రాయండి. ‘రోజుకు మూడు గంటలు చదువుతాను.’ ‘అమ్మ కట్టలు నేనే చేరుస్తాను.’ ‘నాన్న పని ఏమిటో అడిగితే సిగ్గుపడను.’ కింద తేదీ వేసి సంతకం పెట్టండి. వచ్చే డిసెంబరులో తిప్పి చూసుకోండి. దేవుడు తన మాట తప్పడని మనం నమ్ముతాం గదా, మన వైపు మాట ఏమైందో కూడా చూసుకోవాలి.

ఈ సభలో ఉన్న హిందూ, ముస్లిం, బౌద్ధ, లింగాయత్ పిల్లలకు కూడా ఈ మూడు లెక్కలే చెబుతాను. సమయం, డబ్బు, మాట. పండుగ పేరు మారుతుంది, లెక్క అదే. మీ పక్క బెంచీలో ఒక్కడే క్రైస్తవ కుర్రాడు ఉంటే 25వ తేదీన ‘నాతాళ్ శుభేచ్ఛ’ అని ఒక్క మాట చెప్పండి. ఆ రోజంతా అతనికి అది గుర్తుంటుంది.

ఉపకార వేతనం అందుకున్న ప్రతి బిడ్డా చదువు పూర్తి చేసి, రేపు ఇదే ట్రస్టుకు తన వంతు చందా కట్టే స్థితికి రావాలని దేవుణ్ణి ప్రార్థిస్తున్నాను.  మీకందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.